అరవై ఎనిమిదికి ఏ అక్షరం?

మీ పిల్లల జీపీఏలు ఇప్పుడు నాలుగు దాటిపోతున్నాయట. మొన్నొక పెళ్లి రిసెప్షన్‌లో ఒకావిడ తన మనవరాలి జీపీఏ 4.6 అని చెప్పింది. నేను నోరు తెరవకపోయేసరికి నాకు చెవుడేమో అనుకుని ఇంకొంచెం గట్టిగా చెప్పింది. వినపడిందమ్మా. మా రోజుల్లో లెక్క నాలుగు దగ్గర ఆగిపోయేది. ఆ పైన ఇంకేదైనా ఉంటుందని ఎవరికీ తోచలేదు. అందుకని కాస్త ఆలస్యంగా ఆశ్చర్యపోయాను, అంతే.

ఆ నాలుగుని లెక్కగట్టడమే నా ఉద్యోగం. డెట్రాయిట్ శివార్లలో ఒక కాలేజీ, అందులో రిజిస్ట్రార్ ఆఫీసు, అందులో కిటికీ లేని మూల నా సీటు. డెబ్బైల చివర్లో చేరాను. ఇంటర్వ్యూలో మా పై అధికారి, ఆవిణ్ణి పెద్దావిడ అనే అంటాను, నా డిగ్రీ కాగితం చూసింది. ఎమ్మెస్సీ మేథమేటిక్స్, ఫస్ట్ క్లాస్, అరవై మూడు శాతం. నేను వీపు నిటారుగా పెట్టి కూర్చున్నాను. ఆవిడ అరవై మూడు మీద వేలు పెట్టి, నావైపు జాలిగా చూసి, "ఫరవాలేదు, ఇక్కడ కూడికలన్నీ మిషనే చేస్తుంది" అంది.

అలా ఈ దేశంలో నా గణిత జీవితం మొదలైంది.

పని కష్టమేమీ కాదు. హైస్కూలు నుంచి పిల్లవాడి ట్రాన్స్‌క్రిప్టు, అంటే మార్కుల పట్టిక, వస్తుంది. ప్రతి మార్కుకీ ఒక అక్షరం. తొంభై పైన ఏ, ఎనభైల్లో బీ, డెబ్బైల్లో సీ, అరవైల్లో డీ, అరవై కిందైతే ఎఫ్. ప్రతి అక్షరానికీ ఒక అంకె, ఏకి నాలుగు మొదలుకుని ఎఫ్‌కి సున్న దాకా. అంకెలన్నీ కూడి సబ్జెక్టుల సంఖ్యతో భాగిస్తే జీపీఏ. రెండున్నర దాటితే లోపలికి, దాటకపోతే "మీ భవిష్యత్తుకు శుభాకాంక్షలు" అని ఉత్తరం. శుభాకాంక్షలు నేనే టైపు చేసేదాన్ని. ఎంతమంది భవిష్యత్తుకి శుభం పలికానో లెక్కలేదు.

నా బల్ల మీద రెండు ట్రేలు ఉండేవి. ఒకటి డొమెస్టిక్, అంటే ఈ దేశపు కాగితాలు. రెండోది ఫారిన్. నేను చేరిన కొత్తల్లో రెండింటికీ ఒకటే కొలత. మన దేశం నుంచి ఫస్ట్ క్లాసులో పాసై వచ్చిన కుర్రాళ్లందరికీ డీలు పడేవి. ఆ డీలు చూసి నాకు ఒళ్లు మండిపోయేది. ఏడాదిపాటు పెద్దావిడ వెంటపడి, ఉత్తరాలు రాయించి, మన దగ్గర నూటికి అరవై రావడమంటే ఏమిటో ఆవిడకి నూరిపోసి, చివరికి ఒక చార్టు సాధించాను. ఇండియా మార్కులైతే అరవై పైన ఏ, యాభై పైన బీ, నలభై పైన సీ, ముప్ఫై అయిదు దాకా డీ. ఆ చార్టు టైపు చేసి నా ఫారిన్ ట్రే పైన గోడకి అంటించాను. ఈ దేశంలో నేను గెలిచిన యుద్ధం అదొక్కటే. మా ఆయన కూడా ఆ సంగతి నలుగురికీ చెప్పేవారు, మిగతా యుద్ధాలేవీ చెప్పుకోదగ్గవి కావు కాబట్టి.

ఇక అసలు సంగతి.

ఎనభైల్లో ఒక వసంతకాలం. డొమెస్టిక్ ట్రేలో ఒక కాగితం కనిపించింది. అన్నీ టైపు కొట్టినవి, ముద్రలు వేసినవి ఉండగా అదొక్కటే చేత్తో రాసింది. పొడుగాటి తెల్లకాగితం, స్కేలు పెట్టి గీసిన గళ్లు, ఎడమవైపు ఎర్రసిరా మార్జిను, నీలం నల్లసిరా, గుండ్రటి అక్షరాలు. ఆ చేతిరాత చూడగానే నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. అది హెడ్మాస్టరు రాత. ఈ దేశంలో పదేళ్లున్నా ఆ రాత కనిపిస్తే నా చేతులు వాటంతటవే కట్టుకుంటాయి.

హైస్కూలు మూడేళ్ల సగటు అని పైన రాసి ఉంది. ఇంగ్లీషు యాభై ఎనిమిది. లెక్కలు అరవై ఎనిమిది. ఫిజిక్సు అరవై మూడు. కెమిస్ట్రీ అరవై ఒకటి. సోషల్ అరవై రెండు. నడవడిక తృప్తికరం. కింద సంతకం, దాని కింద "రిటైర్డ్ హెడ్మాస్టర్, విద్యార్థిని మాతామహుడు".

ఆ కుటుంబం నాకు తెలుసు. మా కాలేజీకి దగ్గర్లోనే, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాళ్లు. తల్లి డాక్టరు, తండ్రి కార్ల కంపెనీలో ఇంజినీరు. ఆ అమ్మాయికి పదిహేనో ఏట కీళ్ల జ్వరం వచ్చి గుండెకి పట్టింది. బడికి వెళ్లకూడదన్నారు. పిల్లని ఇంట్లో పెట్టి చదివించడమంటే ఆ రోజుల్లో ఇక్కడ అదొక నేరం కింద లెక్క. డాక్టరు కాగితాలన్నీ చూపించాక అక్కడి బడులన్నీ నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్ ఒప్పుకుంది. వాళ్లు పంపిన టీచరమ్మ నెలకోసారి వచ్చి, కాఫీ తాగి, సంతకం పెట్టి వెళ్లేది. చదువు చెప్పింది మాత్రం తాతగారు. ముప్ఫై ఏళ్లు గుంటూరు జిల్లాలో హెడ్మాస్టరుగా చేసి, రిటైరయ్యాక కూతురి దగ్గరికి వచ్చి, నేలమాళిగలో ఖాళీగా కూర్చోలేక ఒక్క విద్యార్థినితో బడి పెట్టేశారు.

సరే, మిషను ముందు పెట్టుకుని కొట్టాను. నాలుగు డీలు, ఒక ఎఫ్. నాలుగుని అయిదుతో భాగిస్తే 0.8. మళ్లీ కొట్టాను. మిషను మాట మార్చలేదు.

ఫైల్లో ఇంకో చిత్రం, కాలేజీ ప్రవేశ పరీక్ష స్కోరు రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. అసలు పరీక్షకే వెళ్లలేదట. వెళ్లి ఉంటే ఆ స్కోరైనా ఆదుకునేది. ఎందుకు వెళ్లలేదో నేను ఆలోచించలేదు. అంకెలు తప్ప ఇంకేమీ ఆలోచించకపోవడం మా ఉద్యోగంలో ఒక అర్హత.

తలెత్తితే గోడ మీద నా చార్టు. అదే పెద్దమనిషి ఇవే మార్కులు గుంటూరులో కూర్చుని వేసి ఉంటే నాలుగు ఏలు, ఒక బీ. 3.8. ఫార్మింగ్టన్ హిల్స్‌లో కూర్చుని వేశారు కాబట్టి 0.8. అట్లాంటిక్ దాటేసరికి మనిషి విలువ మూడు పాయింట్లు పడిపోతుందని నాకు నా ఇంటర్వ్యూ నాటి నుంచే తెలుసు. అయినా కడుపు రగిలింది.

అప్పుడు నేను చేసిన పని ఇది. కాగితం మీద ఒక్క అక్షరం దిద్దలేదు. ఒక్క అంకె మార్చలేదు. కాగితాన్ని డొమెస్టిక్ ట్రేలోంచి తీసి ఫారిన్ ట్రేలో పెట్టాను. అంతే. రెండు ట్రేల మధ్య దూరం జానెడు. ఫారిన్ ముద్ర వేసి, 3.8 అని రాసి, పైకి పంపేశాను.

పక్క సీటులో ఒకావిడ ఉండేది, రోజంతా చూయింగ్ గమ్ నములుతూ ఆఫీసులో జరిగేవన్నీ చూసేది. నావైపు చూసి, "నేను ఇప్పుడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాను, సరేనా?" అంది. మా గదికి కిటికీ లేదని ముందే చెప్పాను.

ఆ మధ్యాహ్నమంతా నాకు మహా హుషారు. ఒక పిల్లకి ఉపకారం చేశాను, న్యాయం నిలబెట్టాను, ఇంటికెళ్లి పులిహోర కలుపుకున్నాను. ఫారిన్ ముద్ర పడిన కాగితం తర్వాత ఎక్కడెక్కడికి వెళుతుందో పదేళ్ల సీనియరునై ఉండి నాకు గుర్తు రాలేదు.

అది వెళ్లాల్సిన చోటికే వెళ్లింది. విదేశీ విద్యార్థుల డెస్కు దగ్గరికి. ఆ డెస్కులో ఉన్న కుర్రాడు చాలా బుద్ధిమంతుడు, ఎదురుగా ఏ కాగితం పెడితే దానికి తగిన ఉత్తరం పంపిస్తాడు. పది రోజుల తర్వాత ఆ అమ్మాయి ఇంటికి ఉత్తరం చేరింది. అమెరికా సంయుక్త రాష్ట్రాలకు స్వాగతం. మీ పాస్‌పోర్టు నకలు, వీసా వివరాలు పంపండి. ఇక్కడి చలికి తగిన దుస్తులు తెచ్చుకోండి. మీకు ఇంగ్లీషు వచ్చునని నిరూపించే పరీక్ష రాయండి.

ఆ అమ్మాయి పుట్టింది డెట్రాయిట్ ఆస్పత్రిలో.

తల్లి ఫోను చేసింది, నాకు కాదు, నేరుగా పెద్దావిడకి. డాక్టరు కదా, రోగం ఎక్కడుందో అక్కడే నొక్కింది. అరగంటలో నన్ను లోపలికి పిలిచారు.

పెద్దావిడ బల్ల మీద నా ముద్ర వేసిన కాగితం ఉంది. ఆవిడ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"ఈ స్కూలు ఎక్కడుంది?" అని అడిగింది.

"ఫార్మింగ్టన్ హిల్స్‌లో."

"ఫార్మింగ్టన్ హిల్స్ ఏ దేశంలో ఉంది?"

ఈ దేశంలోనే ఉందని ఒప్పుకోక తప్పలేదు.

"నువ్వు చేసింది తప్పని నీకు తెలుసు. నీ సంగతి తర్వాత చూస్తాను. కానీ ఈ అమ్మాయి ఫైలు ఇప్పుడు అనుమానాల పెట్టెలో పడింది. శుక్రవారం కమిటీకి పెడుతున్నాను. దొంగ ట్రాన్స్‌క్రిప్టు అని వాళ్లు తేలిస్తే ఇక్కడే కాదు, ఈ రాష్ట్రంలో ఏ కాలేజీ ఆ పిల్లని తీసుకోదు. అర్థమైందా?"

అర్థమైంది. 0.8 తోనే వదిలేసి ఉంటే ఆ పిల్లకి ఒక శుభాకాంక్షల ఉత్తరం వచ్చేది, మరుసటేడు ఇంకోచోట ప్రయత్నించుకునేది. నా ఉపకారం పుణ్యమా అని ఇప్పుడు దొంగ అనే పేరు కూడా వచ్చేలా ఉంది. నా ఉద్యోగం గురించి కూడా భయపడ్డాను, లేదంటే అబద్ధమే.

బయటికి వెళ్లబోతుంటే ఆవిడే మళ్లీ పిలిచి రూల్సు పుస్తకంలో ఒక వాక్యం చూపించింది. స్కూలు తన గ్రేడింగ్ స్కేలుని ట్రాన్స్‌క్రిప్టు మీదే రాసి ఉంటే ఆ స్కేలునే వాడాలి, రాయకపోతేనే మామూలు స్కేలు. "ఇది ఇంట్లో నడిపిన బడి. స్కేలు ఏమిటో చెప్పాల్సింది ఆ హెడ్మాస్టరే. ఆయన చెప్పలేదు. నువ్వు అడగలేదు" అంది.

పదేళ్లలో ఆ పుస్తకం నేను కనీసం ఇరవైసార్లు తిరగేసి ఉంటాను. ఎంతసేపూ చార్టు గెలిచిన గర్వంలో ఉన్నానేమో, ఆ వాక్యం నా కంటికి ఆనలేదు.

గురువారం సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. పనల్లా ఒక్క వాక్యం రాయించుకోవడం. "అరవై పైన ఏ" అని రాసి సంతకం పెడితే చాలు.

తల్లి ముభావంగా తలుపు తీసి నేలమాళిగలోకి దారి చూపించింది. కింద నిజంగానే బడి ఉంది. నల్లబల్ల, చాక్‌పీసుల డబ్బా, ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకి టైంటేబిల్. టైంటేబిల్లో డ్రిల్ పీరియడు కూడా ఉంది. మాస్టారు స్వెట్టరు మీద కోటు, కోటు మీద మఫ్లరు వేసుకుని కూర్చుని ఉన్నారు. నన్ను నిలబెట్టే మాట్లాడారు, నేనూ కూర్చోవాలని అనుకోలేదు.

"నువ్వేనా అమ్మా, నా మనవరాల్ని ఫారిన్ చేసింది?"

"తప్పైపోయింది మాస్టారూ."

"నేను వేసిన మార్కులు నీకు నచ్చలేదా?"

"అయ్యో, అలా కాదండీ. ఇక్కడ స్కేలు వేరు. మార్కులు చాలా ధారాళంగా వేస్తారు. తొంభైలు, తొంభై అయిదులు. వాటి పక్కన పెడితే మనవి తక్కువగా కనిపిస్తాయి. అందుకని మీరు ఒక్క లైను..."

"అంటే తొంభై చెయ్యమంటావా?"

"మార్కులు మార్చక్కర్లేదండీ, ఊరికే పక్కన..."

ఆయన నా మాట పూర్తి కానివ్వలేదు. "లెక్కల్లో అరవై ఎనిమిది వేశాను. తొంభై కావాలంటే ఇంకా ఇరవై రెండు కలపాలి. ఏ ప్రశ్నకి కలపను? నువ్వే చెప్పు. పేపర్లున్నాయి, తీసిస్తాను. ఏ ప్రశ్నలో నేను అన్యాయంగా కోశానో చూపించు, కలుపుతాను."

ఆయన కొనసాగించారు. "మా ఊళ్లో ప్రెసిడెంటుగారి అబ్బాయికి మూడు మార్కులు కలపమని మా ఇంటి చుట్టూ నెల్లాళ్లు తిరిగారు. నన్ను నలభై మైళ్ల అవతలికి ట్రాన్స్‌ఫర్ చేయించారు. వెళ్లాను గానీ కలపలేదు. ఇప్పుడు సొంత మనవరాలికి కలుపుతానా?"

"కలపమనట్లేదండీ. మీ అరవై ఎనిమిదిని ఇక్కడివాళ్లు ఏమనుకుంటారంటే..." అని ఆగిపోయాను.

మీరు ఇది గమనించాలి. నేను అక్కడ చెప్పాల్సింది ఒకే ముక్క. మాస్టారూ, మీ అరవై ఎనిమిది ఇక్కడ డీ అండీ, డీ అంటే అడుగున ఉన్నవాళ్లకి వేసేది. ఆ ముక్క నా నోటినుంచి రాలేదు. ముప్ఫై ఏళ్లు ఎర్రసిరా పట్టిన మనిషి ముఖం మీద, నీ మార్కుకి ఇక్కడ విలువ లేదని ఎలా చెప్పను? మర్యాద అడ్డొచ్చింది. ఆ మర్యాదకి నేను ఇప్పటికీ సిగ్గుపడతాను.

మెట్ల మీద చప్పుడైంది. ఆ అమ్మాయి పైమెట్టు మీద కూర్చుని మా మాటలు వింటోంది. సన్నగా, పొడుగ్గా, మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని ఉంది.

"ఇట్స్ ఓకే ఆంటీ," అంది. "కాలేజ్ వద్దు నాకు. అమ్మ అప్లై చేసింది, నేను కాదు. నేను టైపింగ్ నేర్చుకుంటా. జాబ్ చేస్తా."

"నోర్మూసుకో. టైపింగేమిటి?" అన్నారు మాస్టారు.

ఆ పిల్ల నవ్వింది. నవ్వులా లేదది. "తాతయ్యా, నా మార్క్స్‌కి అదే ఎక్కువ."

మాస్టారు ఆ మాటని వినయం అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. లెక్కలు చదివిన ఇద్దరం అక్కడే ఉన్నాం మరి.

"రేపు నేనే వస్తాను," అన్నారాయన చివరికి. "పేపర్లన్నీ తెస్తాను. వాళ్లనే దిద్దుకోమను."

శుక్రవారం కమిటీ గదిలో పొడుగు బల్లకి ఒకవైపు పెద్దావిడ మినిట్స్ పుస్తకంతో కూర్చుంది. ఆవిడ పక్కన మా కాలేజీ మేథమేటిక్స్ ప్రొఫెసరు, చొక్కా చేతులు పైకి మడిచి, పైపు వెలిగించకుండా నోట్లో పెట్టుకుని. రెండోవైపు మాస్టారు, ఆ అమ్మాయి. చివర నేను, ముద్దాయి కమ్ దుబాసీ. మాస్టారికి ఇంగ్లీషు బాగా వచ్చు, కానీ అది పుస్తకాల ఇంగ్లీషు, వాక్యం పూర్తయ్యేలోపు ఇక్కడివాళ్లు కాఫీ తెచ్చుకుని రావచ్చు.

ఆయన సంచీలోంచి కట్టలు తీసి బల్ల మీద పెట్టారు. మూడేళ్ల పరీక్ష పేపర్లు. ప్రతి కట్టకీ మూలన చిల్లు పొడిచి, ట్వైన్‌దారం కట్టి, పైన అట్ట వేసి, అట్ట మీద సబ్జెక్టు, తేదీ. నెలకో పరీక్ష, మూడు నెలలకో పెద్ద పరీక్ష. ప్రొఫెసరు లెక్కల కట్ట తన ముందుకి లాక్కున్నారు.

చాలాసేపు చదివారు. తర్వాత ఒక పేజీ దగ్గర ఆగి పైపు నోట్లోంచి తీశారు.

"సార్, ఈ జామెట్రీ ప్రూఫ్. ఇది కరెక్టు."

"అవును," అన్నారు మాస్టారు.

"పూర్తిగా కరెక్టు. మా సెకండ్ ఇయర్ పిల్లలు ఇంత శుభ్రంగా చెయ్యరు. పదికి ఆరు వేశారు."

"కరెక్టు కాబట్టే ఆరు వేశాను."

"మరి మిగతా నాలుగు?"

మాస్టారు అదేం ప్రశ్న అన్నట్టు చూసి, కాగితం తనవైపు తిప్పుకుని వేలితో చూపించడం మొదలుపెట్టారు. "ఇక్కడ మార్జిను దాటింది, ఒక మార్కు. పటం పెన్సిలు మొన లావుగా ఉంది, ఒకటి. దత్తాంశం, సారాంశం అని విడివిడిగా శీర్షికలు పెట్టి అండర్‌లైన్ చెయ్యలేదు, ఒకటి."

ఇది నేను అనువదించాను. సారాంశం, అంటే నిరూపించాల్సిన విషయం, అనే మాటని ఇంగ్లీషులో చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

"మూడే అయ్యాయి," అన్నారు ప్రొఫెసరు. "నాలుగోది?"

"నాలుగోది నేను ఉంచుకుంటాను," అన్నారు మాస్టారు. "పది ఇచ్చేస్తే రేపు దేనికోసం చదువుతుంది?"

ప్రొఫెసరు పకపకా నవ్వారు. పెద్దావిడ నవ్వలేదు, కానీ కలం పక్కన పెట్టింది. పదేళ్లలో నేను చూసినంతలో ఆవిడ కలం పక్కన పెట్టడం అదే మొదలు.

"మీ సర్వీసులో మీరు వేసిన అత్యధిక సగటు మార్కు ఎంత?" అని ఆవిడే అడిగింది.

ఈ ప్రశ్నకి దుబాసీ అక్కర్లేకపోయింది. మాస్టారు ఇంగ్లీషులోనే, "సిక్స్టీ ఎయిట్, మేడమ్" అన్నారు.

"ముప్ఫై ఏళ్లలోనా?"

"ముప్ఫై మూడు, మేడమ్. దానికి ముందు అరవై అయిదు. అతను ఇప్పుడు జిల్లా జడ్జి."

పెద్దావిడ మనవరాలి కాగితం మీద లెక్కల గడి చూసింది. తర్వాత ఒక ఫారం తీసి, రూల్సు పుస్తకంలోని ఆ వాక్యం చదివి వినిపించి, ఫారాన్ని మాస్టారి ముందుకి తోసింది. "మీ మార్కులు ఎవరూ ముట్టుకోరు. మీ బడిలో ఏ మార్కుకి ఏ అక్షరమో మీరే రాసివ్వండి. హెడ్మాస్టరు మీరే కదా."

హెడ్మాస్టరు మీరే కదా అన్న మాట బాగా పనిచేసింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, నేను గురువారం నాడు బతిమాలి రాయించుకోలేకపోయిన వాక్యాన్ని మార్జిను గీసుకుని మరీ రాసిచ్చారు. ఫస్ట్ క్లాసు, అరవై పైన, ఏ. సెకండ్ క్లాసు, యాభై పైన, బీ. ఇంగ్లీషు దగ్గర ప్రొఫెసరు, యాభై ఎనిమిదే కదా, కాస్త చూడకూడదా అన్నారు. కూడదన్నారు మాస్టారు. ఆ పిల్ల ఎక్కడ పడితే అక్కడ 'ద' అనే ఆర్టికల్ పెడుతుందట.

నేను మిషను కొట్టాను. 3.8. దొంగతనంగా కొట్టినప్పుడూ అదే, దొరతనంగా కొట్టినప్పుడూ అదే. ఈ రెంటికీ మధ్య మిగిలింది నా సర్వీసు ఫైల్లో చేరిన ఒక మందలింపు ఉత్తరం. అది ఇంకా నా దగ్గర భద్రంగా ఉంది, అడిగినవాళ్లకి చూపిస్తాను.

పెద్దావిడ గట్టిగా చదివింది. "త్రీ పాయింట్ ఎయిట్. అడ్మిటెడ్."

ప్రొఫెసరు లేచి ఆ అమ్మాయికి చెయ్యి చాపారు. ఆ పిల్ల చెయ్యి ఇవ్వలేదు. ఆయన్ని చూడనే లేదు. తాతగారివైపు తిరిగి ఉంది.

"సిక్స్టీ ఎయిట్ గుడ్‌ఆ తాతయ్యా?"

"ఏమిటీ?"

"గుడ్ మార్క్ ఆ అది?"

మాస్టారికి అర్థం కాలేదు. నావైపు చూశారు. ఆ పిల్ల తెలుగు, ఇంగ్లీషు కలగలిపి గబగబా చెప్పేసింది. ఫ్రెండ్సు ఫోన్ చేసి వాళ్ల గ్రేడ్స్ చెప్పేవాళ్లట. ఏ వచ్చింది, బీ వచ్చింది అని. నీకెంత అని అడిగితే తను మాట మార్చేసేదట. "ఐ వాజ్ గెటింగ్ డీస్. ఎవ్రీ మంత్. త్రీ ఇయర్స్. నాకు జ్వరం వచ్చి బ్రెయిన్ పోయింది అనుకున్నా. ఆ టెస్ట్‌కి కూడా అందుకే పోలేదు. డీ వచ్చేవాళ్లు ఎందుకు రాయాలి?"

పరీక్ష స్కోరు గడి ఎందుకు ఖాళీగా ఉందో అప్పుడు తెలిసింది నాకు.

"డీ అంటే ఏమిటమ్మా?" అని నన్ను అడిగారు మాస్టారు, నెమ్మదిగా.

గురువారం నాడు చెప్పని ముక్క శుక్రవారం చెప్పాను. ఇక్కడ అరవైల్లో మార్కులు వస్తే మొద్దు అని అర్థమండీ, తరగతిలో అడుగున ఉన్నారని అర్థం, అన్నాను.

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. మూడేళ్ల కట్టలవైపు చూశారు. ప్రతి అట్ట మీదా ఎర్రసిరాతో సున్నా చుట్టిన అంకెలు.

"నీకు తప్ప అరవై ఎనిమిది నేను ఎవరికీ వెయ్యలేదమ్మా," అన్నారు ఆ పిల్లతో. "ముప్ఫై మూడేళ్లలో ఎవరికీ వెయ్యలేదు."

"మరి చెప్పలేదేం నాకు?"

"మార్కు వేశాను కదా!" అన్నారాయన. నిజంగానే ఆశ్చర్యపోతూ అన్నారు. ఇంతకన్నా ఎలా చెబుతారని ఆయన ఉద్దేశం. ఆ పిల్ల బల్ల మీద తల వాల్చి వెక్కివెక్కి ఏడ్చింది. మాస్టారికి ఏం చెయ్యాలో తెలియలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఆ పిల్ల వీపు మీద చెయ్యి వేద్దామా వద్దా అని కాసేపు గాల్లో ఉంచి, చివరికి వేశారు. తర్వాత గొంతు సవరించుకుని, బళ్లో ప్రకటన చదివినట్టు బిగ్గరగా, ఒక్కొక్క మాటా విడదీసి అన్నారు.

"నువ్వు చాలా బాగా చదివావు."

ఆ పిల్ల తల ఎత్తలేదు. "మళ్లీ చెప్పు," అంది.

ఆయన మళ్లీ చెప్పారు, ఈసారి మామూలు గొంతుతో.

పెద్దావిడ కలం అందుకుని నావైపు చూసింది. "ఏమంటున్నారు? మినిట్స్‌లో రాయాలి." నేను అనువదించబోయేలోపే ఆ పిల్లే తలెత్తి, ముక్కు తుడుచుకుని, పెద్దావిడకి ఇంగ్లీషులో చెప్పింది.

"నేను బాగా చదువుతానంటున్నారు."

పెద్దావిడ రాసుకుంది.